ఒంటిగంట భోజనం

ఆడమనిషి నోట "నెల తప్పింది" అన్న మాట వచ్చిందంటే లోకంలో దానికి ఒకటే అర్థం. ఇంకో అర్థం ఉండొచ్చని ఎవరికీ తోచదు, తోచినా ఒప్పుకోరు. ఆ ఉదయం ఆమె బాల్కనీలో బట్టలారేస్తూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, చిన్ననాటి స్నేహితురాలితో "మళ్లీ నెల తప్పిందే, ఏం చేయాలో తోచట్లేదు" అంటోంది. లోపల కూరగాయలు తరుగుతున్న అత్తగారి చేతిలో కత్తి ఆగిపోయింది. "మళ్లీ" అన్న ముక్క ఆ చెవిన పడలేదు. "తోచట్లేదు" అన్నదీ పడలేదు. పెద్దవాళ్ల చెవులు అంతే, తమకు ఇష్టమైన ముక్కనే ఏరుకుంటాయి.

సాయంత్రానికల్లా కింది వాటా వాళ్లకీ, లిఫ్టు దగ్గర కూర్చునే కాపలా ఆయనకీ, పై ఊళ్లో ఉన్న ఆడపడుచుకీ సంగతి తెలిసిపోయింది. ఆడపడుచు ఊరుకుంటుందా? రెస్టారెంటు వంటగదిలో పొయ్యి ముందు నిలబడి ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, "ఏరా, ఎదిగిన కూతుర్ని హాస్టల్లో పెట్టుకుని ఇప్పుడేం పనిరా ఇది!" అని పకపకా నవ్వింది. ఆ తమ్ముణ్ణి ఇంటా బయటా అందరూ మాస్టరనే అంటారు. పిల్లలకు చదువు చెప్పే మాస్టరు కాదు, వంట మాస్టరు. ఆ పూట ఆయన సూపులో రెండుసార్లు ఉప్పేశాడట.

ఇంటికొచ్చాక భార్య ముఖంలోకి అదోలా చూసి, "నాకు ముందు చెప్పొచ్చుగా" అన్నాడు. ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. పడీపడీ నవ్వింది. కళ్ల వెంట నీళ్లొచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగింది గానీ నీళ్లు ఆగలేదు.

"అది కాదండీ. తప్పింది నెల ఒక్కటే కాదు, నేనే ఎక్కడో తప్పిపోయాను," అంది.

ఉన్నమాటే అన్నది. ఏడాదిగా ఆమె ఆమెలా లేదు. దువ్వెన పెడితే జుట్టు ఊడి చేతికొస్తోంది. తిండి పెరగలేదు గానీ నడుం పెరిగింది. పడుకుంటే నిద్ర రాదు, లేచాక మెలకువ రాదు. నెలసరి మాత్రం పిలవని చుట్టంలా దాని ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది, వస్తే ఓ పట్టాన పోదు. ఇక కోపం సంగతి చెప్పక్కర్లేదు. అరికాలి మంట నెత్తికెక్కడానికి కారణం కూడా అక్కర్లేకుండా పోయింది.

కళ్లజోళ్ల దుకాణంలో ఆమెది అద్దాలు బిగించే పని. అద్దం అంచును మెషిను మీద అరగదీసి, ఫ్రేములో కూర్చోబెట్టి, నువ్వుగింజంత స్క్రూ తిప్పి, ముక్కు మీద ఆనే మెత్తలు సరిచేసి ఇస్తుంది. ఇన్నేళ్లలో ఆమె బిగించిన జోడు వెనక్కి రాలేదు. అలాంటిది ఆ మధ్య ఒక పెద్దాయనకు కుడి కంటిది ఎడమకీ, ఎడమ కంటిది కుడికీ బిగించి ఇచ్చేసింది. ఆయన మర్నాడే వచ్చి, "అమ్మా, నేను మెట్లెక్కట్లేదు, మెట్లే నా మీదికి ఎక్కి వస్తున్నాయి" అన్నాడు. దుకాణమంతా నవ్వింది. ఆమె వెనక గదిలోకి పోయి తలుపేసుకుంది.

మాస్టరు ఇంక ఆగలేదు. తన పొద్దుటి నిద్ర మానుకుని మరీ హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాడు. రక్తపరీక్షలు, స్కానింగు అన్నీ అయ్యాయి. డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, "భయపడాల్సింది లేదు. థైరాయిడ్ గట్టు మీదుంది, షుగరూ గట్టు మీదే ఉంది. మిగతావి గట్టు దాటుతూ, వెనక్కొస్తూ దాగుడుమూతలాడుతున్నాయి. మందులు ఇప్పుడే మొదలెట్టను. నాలుగు నెలలు మీ రోజును దారిలో పెడదాం. దారికి రాకపోతే అప్పుడు మందుల సంగతి చూద్దాం," అంది. అని, "రోజూ ఎన్నింటికి లేస్తారు?" అని మొదలుపెట్టింది.

"ఏడింటికండీ."

"రాత్రి భోజనం?"

మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు, చక్కెర డబ్బాలో చేయిపెట్టి దొరికిపోయిన పిల్లల్లా.

"ఒంటిగంటకి," అంది ఆమె.

"మధ్యాహ్నం సంగతి కాదమ్మా, రాత్రి."

"రాత్రేనండీ."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

ఈ ఒంటిగంట భోజనం సంగతి చెప్పకపోతే కథ ముందుకు నడవదు. ఆమె పొద్దున దుకాణానికి బయల్దేరే వేళకు మాస్టరు మంచి నిద్రలో ఉంటాడు. ఆమె తిరిగొచ్చే వేళకు ఆయన పొయ్యి ముందు ఉంటాడు. జనానికి సెలవున్న రోజే రెస్టారెంటుకు పని ఎక్కువ, కాబట్టి ఆమె సెలవూ ఆయన సెలవూ ఎన్నడూ ఎదురుపడవు. ఒకే ఇంట్లో ఒకే మంచం మీద షిఫ్టుల మీద పడుకుంటున్న ఇద్దరు మనుషులు. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఆయన "నువ్వు తినేసి పడుకో" అనేవాడు, ఆమె "అలాగే" అనేది. అని తినేది కాదు. కొన్నాళ్లకు ఆయన అనడం మానేశాడు.

రాత్రి ఆయన వచ్చి, స్నానం చేసి, ఒంటిని పట్టుకున్న నూనె వాసన కాస్త వదిలాక, ఇద్దరూ వంటింట్లో నేల మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. బల్ల దగ్గరైతే కుర్చీల చప్పుడుకు అత్తగారు లేస్తారని. వందమందికి వండి పెట్టే మనిషి అక్కడ ఒక్క మెతుకు తినడు. "నువ్వు పెట్టేదాకా నా నాలిక డ్యూటీలోనే ఉంటుందోయ్" అనేవాడు. ఆ పూట ఏ బల్ల మీది పళ్లెం వెనక్కొచ్చిందో, ఎందుకొచ్చిందో ఆయన చెప్పేవాడు. ఎవరి కళ్లజోడు మీద ఎవరు కూర్చున్నారో ఆమె చెప్పేది. నవ్వొస్తే నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. పిల్ల చదువు, అత్తగారి మోకాలు, ఈ ఇంట్లో ఉండాలా ఇంకో ఇంటికి మారాలా, అన్నీ ఆ కంచాల ముందే తేలేవి. వాళ్ల కాపురమంతా ఆ అరగంటలోనే ఉంది. మిగతాదంతా ఊరికే కలిసి ఉండటం.

"అదొక్కటీ వదిలేసి మిగతావన్నీ చేస్తానమ్మా," అని బతిమాలింది ఆమె.

"అదొక్కటీ వదిలేస్తే మిగతావి చేసి లాభం లేదమ్మా. ఒంటికి దాని గడియారం దానికుంటుంది. మీరు అర్ధరాత్రి అన్నం పెట్టి, లైటేసుకుని కబుర్లు చెబుతుంటే, అది పగలనుకుంటుంది. రాత్రి విడుదల చేయాల్సినవి చేయదు, పగలు ఆపాల్సినవి ఆపదు. చీకటి పడగానే తినేయండి. పదింటికల్లా లైటార్పి పడుకోండి. పొద్దున్నే లేచి ఎండలో నడవండి, లేచిన గంటలోపు కడుపుకు కాస్త గట్టి తిండి పెట్టండి. మీకే తేడా తెలుస్తుంది."

మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆరోగ్యం కావాలంటే ఆ అరగంట పోతుంది, అరగంట కావాలంటే ఆరోగ్యం పోతుంది. ఆమె ఇంకా ఆలోచిస్తూనే ఉంది, మాస్టరు మాత్రం "ఇవాళ్టి నుంచే మొదలుపెడుతుందండీ" అనేశాడు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

మొదలుపెట్టింది. సాయంత్రం వచ్చీరాగానే వంట, సగం కంచం కూరగాయలు, కాస్త పప్పు, ఒక గుడ్డు. తొమ్మిదయ్యేసరికి ఫోన్ తీసుకెళ్లి అత్తగారి తలగడ కింద పెట్టేది. పొద్దున్నే లేచి వీధి చివరి మైదానం దాకా నడక, వచ్చి రెండు నీళ్ల డబ్బాలు చేతులతో ఎత్తీ దించీ కసరత్తు. "ఆ డబ్బాలేవో వంటింట్లోకి ఎత్తి పెట్టినా అదే కసరత్తవుతుంది కదే" అనేది అత్తగారు. టీలో పంచదార మానేసింది. పంచదార లేని టీ అంటే మాటలు మానేసిన మొగుడితో కాపురమే. ఉంటుంది గానీ ఉన్నట్టుండదు.

ఇక సలహాలకు కొదవా? కందకు లేని దురద కత్తిపీటకెందుకో మరి, కింది వాటా ఆవిడ ఏవో గింజలు నానబెట్టి తినమంది. దుకాణంలో క్యాషియరు ఏదో ఆకు నమలమన్నాడు. ఆడపడుచు ఫోన్లో ఏదో పొడి పేరు చెప్పింది, నెల తిరిగేసరికి ఇరవయ్యేళ్ల పిల్లవైపోతావంది. "నాకు ఇరవయ్యేళ్లు వద్దొదినా, నాకున్న ఏళ్లు సరిగ్గా ఉంటే చాలు" అని ఆమె ఫోన్ పెట్టేసింది. డాక్టరమ్మ చెప్పిందే చేసింది, చెప్పనిది ముట్టుకోలేదు.

కష్టమంతా పది దాటాక. లైటార్పేసి పడుకుంటే కళ్లు మూతపడవు. ఇన్నేళ్ల అలవాటు, ఒళ్లంతా చెవులు చేసుకుని మెట్ల మీద ఆయన అడుగుల కోసం వింటూ ఉంటుంది. మొదటి వారంలోనే ఒకనాడు ఉండబట్టలేక లేచి, వంటింట్లో దీపం వేసుకుని కూర్చుంది. మాస్టరు వీధిలోంచే ఆ వెలుతురు చూశాడు. పైకొచ్చాడు గానీ కూర్చోలేదు, కంచం వైపు చూడలేదు.

"నాకోసం ఎవరూ కాపలా కూర్చోనక్కర్లేదు. నా అన్నం నేను తినగలను. పోయి పడుకో," అన్నాడు.

మంచికే అన్నాడు. కానీ గుచ్చుకునే మాటకు మంచేంటి, చెడేంటి? ఆమె వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత మళ్లీ లేవలేదు. పంతానికి పడుకున్నదే, పోనుపోను నిజంగా నిద్రపట్టడం మొదలైంది.

అప్పట్నుంచీ ఆయన ఉన్నాడన్న ఆనవాలు పెరుగు గిన్నె ఒక్కటే. రాత్రి భోజనమయ్యాక కాచి చల్లార్చిన పాలను ఆమె తోడుపెట్టేది, ఇప్పుడు ఆ పని ఆయనదైంది. పొద్దున లేవగానే ఆమె మూత తీసి చూసేది. గట్టిగా తోడుకుంటే త్వరగా వచ్చాడన్నమాట. ఇంకా పలచగా ఉందంటే రాత్రి బాగా ఆలస్యమైందన్నమాట. పుల్లగా ఉంటే, ఏదో ఆలోచనలో పడి చెంచాడు ఎక్కువేశాడు. ఏం ఆలోచన? అడిగేందుకు మనిషి దొరకడే. మంచం మీద ఉన్నాడు, కానీ నిద్రలో ఉన్నాడు. లేపకూడదు, ఆయన నిద్ర ఆయనకూ ముఖ్యమే కదా.

మాస్టరు సెలవు రోజున సాయంత్రం ఇద్దరూ కలిసి కూర్చునేవాళ్లు, నిజమే. కానీ ఆయన ఆకలికి ఏడున్నర అంటే ఏంటో తెలియదు. రెండు ముద్దలు మర్యాదకు తిని, మూడో ముద్ద వేళ్లతో కలుపుతూ కూర్చునేవాడు. ఆమె ఏదో చెబుతుంటే తలూపుతూ గోడ గడియారం వైపు చూసేవాడు. ఎదురుగా ఉన్న మనిషితో ఇంత వెలితిగా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

మధ్యాహ్నం వంటగది కాస్త ఖాళీగా ఉండే వేళ ఫోన్ చేసేది.

"రాత్రి తిన్నారా?"

"తిన్నా."

"కూర ఎలా ఉంది?"

"బానే ఉంది."

అంతే. చిటికెడు మిరియాల గురించి అరగంట మాట్లాడగల మనిషి, "బానే ఉంది" అంటాడా! వెనకాల గిన్నెల మోత, ఎవరో పిలుపు, "సరే ఉంటా" అని పెట్టేసేవాడు. పొద్దున చూస్తే ఆయన కంచం కడిగి బోర్లించి ఉండేది. తిన్నాడో, రెస్టారెంటులోనే కానిచ్చి వచ్చి వండినది ఎక్కడైనా పారేస్తున్నాడో దేవుడికే తెలియాలి. ఆమెకు అనుమానం కాదు, బాధ. ఇన్నేళ్లూ తను లేకపోతే ఈ మనిషికి ముద్ద దిగదనుకుంది. అబ్బే, శుభ్రంగా దిగుతోంది. దిగదనుకోవడం తన పిచ్చి కాబోలు.

ఒకనాటి సాయంత్రం ఒక్కతే కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతోంది. అత్తగారు అప్పటికే తినేసి, ముందుగదిలో కాలికి తైలం రాసుకుంటోంది.

"ఏంటమ్మాయ్, అన్నం ముందు పెట్టుకుని అలా దిగాలుగా కూర్చున్నావు?"

"తోడు లేదత్తయ్యా," అంది ఆమె.

"అయ్యో, తోడు లేదా! ముందే చెప్పొద్దూ, పాలు కూడా కాచేశానే! ఉండు, కింది వాటా వాళ్లనడిగి చిన్న గిన్నెడు తెస్తా." కాలి నొప్పి సంగతి మర్చిపోయి, గిన్నె పుచ్చుకుని చకచకా మెట్లు దిగిపోయింది అత్తగారు.

అత్తగారు ఆ పెరుగు తోడు తెచ్చాక కూడా ఆమె నవ్వలేదు, ఏడవలేదు. థాంక్సత్తయ్యా అని తీసుకుని ఫ్రిజ్‌లో పెట్టింది. కింది వాటాలో అడిగితే దొరికే తోడు అదొక్కటే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఒళ్లు మాత్రం దారికొచ్చింది. ముందు నిద్ర, తర్వాత నిద్రతోపాటు పోయిన బుద్ధి తిరిగొచ్చాయి. దువ్వెనలో జుట్టు తగ్గింది. నడుం దగ్గర బిగుసుకుపోయిన బట్టలు వదులయ్యాయి. దుకాణంలో చేయి మళ్లీ కుదురుకుంది, స్క్రూ ఒక్క తిప్పుకే కూర్చుంటోంది. వాన వచ్చిన రోజున కూడా గొడుగేసుకుని నడిచొచ్చింది. ఒకనాటి పొద్దున, రావాల్సిన రోజుకే నెలసరి వచ్చింది. ఆ తర్వాతి నెలా అంతే. నెలసరి వస్తే అంత సంతోషపడిన ఆడమనిషి ఈ లోకంలో ఇంకొకతె ఉంటుందా అనిపించింది ఆమెకు. ఆ సంగతి ముందు ఆయనకే చెప్పాలని గదిలోకి పరిగెత్తింది. ఆయన దుప్పటి ముసుగులో ఉన్నాడు. గుమ్మంలోంచే తిరిగొచ్చి, సాయంత్రం ఫోన్లో చెప్పింది. "మంచిది, చాలా మంచిది" అన్నాడు. వెనకాల గిన్నెల మోత.

నాలుగు నెలలయ్యాక డాక్టరమ్మ కొత్త పరీక్షలు చూసి ముఖమంతా నవ్వు చేసుకుంది. "అన్నీ గట్టు దిగి ఇవతలికొచ్చాయి. మందులతో పని లేకుండా గెలిచారమ్మా. ఇలాగే కానివ్వండి."

"ఎన్నాళ్లండీ?"

"ఎన్నాళ్లేంటమ్మా? అలవాటంటే అలవాటే. మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది."

నాలుగు నెలలంటే నాలుగు నెలలే అనుకుంది పిచ్చిది. జ్వరానికి లంఖణం లాంటిదనుకుంది, తగ్గాక మళ్లీ వంటింటి నేల మీద ఎదురెదురుగా కూర్చోవచ్చనుకుంది. ఆ ఆశ పెట్టుకునే రోజూ కంచం ముందు ఒంటరిగా కూర్చుంది, ఆ ఆశ పెట్టుకునే వానలో నడిచింది. ఇంటికొచ్చే దారంతా ఎవరితోనైనా పోట్లాడాలనిపించింది, ఎవరూ దొరకలేదు.

దొరికింది మర్నాడు పొద్దున అత్తగారు. ఆమె నడక ముగించి వచ్చి, ఉడికించిన గుడ్లూ, పప్పుగింజలూ, రొట్టెముక్కా కంచంలో పెట్టుకుంటూ, ఉన్నట్టుండి ఆ కంచాన్ని బల్ల మీద ఠప్పున పెట్టింది.

"అత్తయ్యా, చెప్తున్నా వినండి. ఇవాళ్టి నుంచి నేను పదింటికి పడుకోను. మేలుకునే ఉంటా. ఆయనొచ్చాకే తింటా. జుట్టు ఊడితే ఊడనీ, నెల తప్పితే తప్పనీ. నాకీ ఆరోగ్యం వద్దు."

"మతి పోయిందా ఏంటే? వాడు ఒప్పుకోడు."

"ఎందుకొప్పుకుంటారు? ఆయనకేం, హాయిగా ఉంది. నేను లేకపోయినా ముద్ద దిగుతోందిగా."

అత్తగారు లేచి నిలబడింది. మోకాళ్లు పట్టుకుపోయిన మనిషి అంత వేగంగా లేవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఎవతే చెప్పింది నీకు, ముద్ద దిగుతోందని? వాడు వంటింట్లో తింటున్నాడనుకుంటున్నావా? నువ్వు పడుకోవడం మొదలెట్టిన నాటి నుంచీ ఒక్కరోజు వంటింట్లో తినలేదు. అన్నం కంచంలో పెట్టుకుని మీ గదిలోకి పోతాడు. నీ మంచం పక్కన నేల మీద, నీ మొహానికి ఎదురుగా కూర్చుని తింటాడు. తెలుసా నీకు?"

ఆమె గదివైపు చూసింది.

"నేనొక రాత్రి మంచినీళ్లకు లేచి చూసి దడుచుకు చచ్చాను, చీకట్లో ఎవడో కూర్చున్నాడని. 'లైటేసుకోరా నాయనా' అంటే, 'ష్, వద్దమ్మా, వెలుతురు పడితే దాని హార్మోన్లు చెదిరిపోతాయి' అంటాడు. నీ హార్మోన్లేమో గానీ, వాడికి చీకట్లో కూరేదో అన్నమేదో తెలియదు. తడుముకుంటూ తింటాడు. నమిలే చప్పుడైతే నువ్వు లేస్తావని, పసిపిల్లాడిలా నోట్లో నానబెట్టుకుని మింగుతాడు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. వాడి ఆకలి నిన్ను తప్ప ఇంకేమీ ఎరగదు."

"నాకు చెప్పలేదేం అత్తయ్యా?" అంది ఆమె.

"చెప్పొద్దన్నాడు. చెబితే నువ్వు మేలుకుంటావట. మేలుకుంటే మళ్లీ ఒళ్లు పాడుచేసుకుంటావట. నా కొడుకు మాటను ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నా, ఇవాళ నీ నోటికి భయపడి కక్కేశా. పెదాలు కూడా కదుపుతుంటాడే వాడు. ఆ పూట ఎవరేం తిన్నారో, ఎవరేం వంక పెట్టారో, అన్నీ నీకు చెబుతుంటాడు కాబోలు. నువ్వేమో గుర్రు పెడుతుంటావు."

ఆమెకు సిగ్గేసింది, ఆపుకోలేనంత ఏడుపొచ్చింది, వాటన్నిటికంటే ముందు ఆ మనిషి మీద వల్లమాలిన ప్రేమ పొంగుకొచ్చింది. ఇన్నాళ్లూ దూరమయ్యాడని తను బెంగపడ్డ మనిషి, చేయి చాపితే అందేంత దూరంలో కూర్చుని తిన్నాడు. తను ఆ కళ్ల ముందే, ఆయన మాటల మధ్యే హాయిగా నిద్రపోయింది. ఇప్పుడు మేలుకుంటే, చీకట్లో తడుముకుంటూ తిన్న ఆ భోజనాలన్నీ మట్టిపాలైపోతాయి. మేలుకుంటానన్న మాట ఇంక ఏ నోటితో అంటుంది?

బల్ల మీది కంచం తీసుకుని గదిలోకి నడిచింది. తెరలు వేసి ఉన్నాయి. మాస్టరు వెల్లకిలా, ఒక చేయి మంచం బయటికి వేలాడేసి నిద్రపోతున్నాడు. ఆ మణికట్టు మీద కొత్తగా కాలిన మచ్చ ఉంది, పొక్కు ఎండి రాలిపోవడానికి సిద్ధంగా ఉంది. ఎప్పుడు కాలింది? అడిగేవాళ్లు లేక చెప్పలేదు. చెప్పే ఉంటాడు, చీకట్లో. తను వినలేదు. గడ్డంలో తెల్లవెంట్రుకలు కూడా తనకు తెలియకుండానే పెరిగాయి.

మంచం పక్కన, ఆ వేలాడే చేతికి దగ్గరగా నేల మీద కూర్చుంది. రొట్టెముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. చప్పుడు కాకుండా నమలడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. రెండో ముక్కతో మాట కూడా వచ్చింది, పెదాలకే వినబడేంత చిన్నగా.

"మొన్న ఏమైందో తెలుసా అండీ? ఒక పెద్దావిడ వచ్చింది, కళ్లజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయాను, కొత్తది చేయండమ్మా అని. అద్దాలన్నీ చూపించాం, ఫ్రేములన్నీ పెట్టి చూశాం, ఏది పెట్టినా కుదరట్లేదు. చివరికి చూస్తే, పాతది ఆవిడ తల మీదే ఉంది! మా ఓనరు నవ్వకుండా ఉండలేక బయటికి పోయాడు. నేను మాత్రం నవ్వలేదండీ. ఎవరితో నవ్వాలి? మీకు చెప్పాక నవ్వుదామని దాచుకున్నా..."

మాస్టరు ఊపిరి అలాగే నెమ్మదిగా ఆడుతోంది. ఆమె నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. కళ్లు తుడుచుకుంది, గుడ్డు సగం తింది. ఆయన కాలిన చేతి గురించి ఏమేం పూయాలో చెప్పింది, అత్తగారి మోకాళ్ల గురించి చెప్పింది, హాస్టల్లో పిల్ల జుట్టు కత్తిరించుకుందట ఆ సంగతీ చెప్పింది. దుకాణానికి వేళవుతోంది. లేవబుద్ధి కాలేదు.

ముందుగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఎవరితోనే ఆ గుసగుసలు? వాడు పడుకున్నాడుగా! ఏం చేస్తున్నావక్కడ?"

ఆమె ముద్ద మింగి, గుమ్మం వైపు తిరిగి, మెల్లగా చెప్పింది.

"తింటున్నాం అత్తయ్యా."